అరగంట ఆగి తోముకోవాలి

తిరుపతిలో, మెట్లెక్కి వెళ్లే ఒక అద్దె ఇల్లు. పొద్దున ఏడున్నర. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప నిలవలేని వసంతమ్మ, గోడ పట్టుకుని స్నానాలగది వాకిలి ముందు నిలబడి ఉంది. లోపల ఆమె తమ్ముడు ఢిల్లీబాబు. నగరిలో మగ్గం ఆపి, అక్కకు కిడ్నీ ఇవ్వడానికని వచ్చి అయిదు రోజులైంది. గడియ పెట్టుకుని పళ్లు తోముకుంటున్నాడు. ఆ చప్పుడే ఆమెకు నచ్చలేదు.

“…ఇంగెంతసేపురా? వాకిలి తెరువు.”

“వస్తా ఉండాక్కా. ఒక్క నిమిషం.”

“ఒక్క నిమిషమని పావుగంట అయింది. ఏంది ఆ సద్దు, గరగరా గరగరా? పండ్లు తోముతా ఉండావా, గంగాళం తోముతా ఉండావా?”

“పండ్లే.”

“ఆ స్ట్రిప్పు ఎప్పుడు తీసినావు?”

“ఇప్పుడే.”

“ఇప్పుడే అంటే?”

“ఇప్పుడే అంటే ఇప్పుడేక్కా. పీకినా, పారేసినా, తోముకుంటా ఉండా.”

“నా బిడ్డ మహిత ఏమి చెప్పిపోయింది నీకు? పండ్లు తెల్లబడే స్ట్రిప్పు ఇది మామా, తీసినాక ఉత్త నీళ్లతో పుక్కిలించు, అరగంట దాకా బ్రష్ ముట్టుకోబాకు, ఆమైన మెత్తగా తోముకో అనిందా లేదా?”

“అనింది.”

“నాలుగు దినాలు అట్లే సేసినావు కదా. నోరు మూసుకోని గడియారం సూస్తా కూసున్నావు కదా. ఈ పొద్దు ఏమొచ్చింది?”

“మరిసిపోయినా.”

“మరిసిపోయినావు.”

“ఆ.”

“మరిసిపోయి, వంటింట్లోంచి కల్లుప్పు డబ్బా కూడా ఎత్తుకోనిపోయినావు.”

“…ఏ డబ్బా?”

“ఢిల్లీ.”

“నేనేమీ ఎత్తలేదుక్కా.”

“రేయ్, ఈ ఇంట్లో ఉప్పు డబ్బా జానెడు జరిగినా నాకు తెలుస్తాది. డాక్టరు ఉప్పు వద్దని మూడేండ్లయింది. దినామూ దాని మొగం సూస్తానే చప్పిడి కూడు తింటా ఉండా. పై అరలో, చింతపండు జాడీ పక్కన ఉండల్ల. లేదు. తెరువు వాకిలి.”

“అరిసేదెందుకు? బావ ఇంటాడు.”

“మీ బావ ఆటో పిలిచేదానికి వీధి చివరికి పోయినాడు. తెరుస్తావా, నేనే తన్నాల్నా?”

“తెరుస్తా ఉండా, తెరుస్తా ఉండా… ఇదో. ఏమీ కాలేదు. అట్ల సూడబాకు.”

“బేసినంతా ఎర్రగా ఉండాదే.”

“నీళ్లు పోస్తే పోతాది.”

“నోరు తెరువు.”

“వద్దుక్కా.”

“తెరవమన్నానా! …అయ్యో. అయ్యయ్యో నాయనా. పైన చిగురంతా చెక్కుకోని పోయిందే. ఏదీ, ఆ బ్రష్ ఇట్ల ఇయ్యి. ఇది మహిత కొనిచ్చిన మెత్త బ్రష్ కాదే. మీ బావ చొక్కా కాలర్లు రుద్దుకునే పాత బ్రష్ కదరా ఇది!”

“అదే చేతికి దొరికింది.”

“కల్లుప్పు, కాలరు బ్రష్. రెండూ వాటంతట అవే వచ్చి నీ చేతిలో పడినాయా?”

“తెల్లగా కావల్ల కదక్కా. వెనకపక్క పండ్లు ఇంగా నల్లగానే ఉండాయి. పండ్ల డాక్టరు సూస్తే వీడు పొగాకు నమల్తాడని కనిపెట్టేస్తాడని మహితే కదా స్ట్రిప్పులు తెచ్చిచ్చింది? అందుకని రొంత గట్టిగా తోమినా. మన నాయన ఉప్పూ బొగ్గూ ఏసే కదా తోమేది.”

“మన నాయనకు యాభై ఏండ్లకే నోట్లో ఒక్క పన్ను లేదు.”

“నాయన సంగతి వదిలిపెట్టు.”

“వదిలిపెడతా. నీ సంగతి చెప్పు. తొమ్మిదిన్నరకు పండ్ల డాక్టరు. ఆయన సంతకం పెడితేనే వచ్చే బుధవారం ఆపరేషన్. తెలుసు కదా?”

“తెలుసు.”

“నోట్లో పుండుంటే సంతకం పెట్టరు. చిగుర్ల నుంచి రక్తం కారతా ఉంటే పెట్టరు. ఆ నర్సమ్మ నీ ముందరే చెప్పింది. అదీ తెలుసు కదా?”

“…తెలుసు.”

“తెలిసీ.”

“తెల్లగా కావల్లని—”

“నా పానంరా అది! మూడేండ్లుగా ఆ బుధవారం కోసం కాసుకోనుంటే, నువ్వు బాత్రూములో కూసోని ఉప్పేసి రుద్ది పారేస్తా ఉండావే!”

“వసంతా! ఆటో వచ్చేసింది! ఏంది, అక్కాతమ్ముడు ఇద్దరూ బాత్రూం కాడ కచేరీ పెట్టినారు?”

“ఏమీ లే. తమ్ముడు పండ్లు తోముకుంటా ఉండాడు. నువ్వు కిందికి పో.”

“తోముకోనీ, తోముకోనీ. మెరవల్ల! ఒరే బామ్మర్దీ, లోపల ఉండావా?”

“ఉండా బావా.”

“కిందింటి దేవకమ్మ హారతి తట్ట పట్టుకోని నిలబడుకోనుండాది. నీ మొగం సూసినాకే కాఫీ తాగుతాదంట. వీధి వీధంతా చెప్పేసినా, నా బామ్మర్ది మనిషి కాదు, దేవుడు అని. మీ పెద్దన్న గిరిప్రసాద్ ఉండాడే, రక్తం పరీక్ష అనేసరికి ఫోన్ ఆపేసినాడు. మొన్న వాడి మనవరాలికి చెవులు కుట్టిస్తే మనవాళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు పోలేదు. తెలుసునా?”

“తెలుసు బావా.”

“గొంతు ఏంది అట్లుండాది?”

“నోట్లో నురగ బావా.”

“బిన్నా రాండి. ఆటోవాడు ఊరుకోడు.”

“వస్తాం, పో అంటా ఉంటే!”

“సరే సరే, నేను కిందనే ఉంటా.”

“…పోయినాడు. జరుగు, లోపలికి రానీ. గడియ పెడతా.”

“నువ్వు నిలబడబాకుక్కా. ఈ బకెట్ బోర్లిస్తా, కూసో. ఆయాసపడతా ఉండావు.”

“నా ఆయాసం నేను పడతా. నువ్వు ముందు ఆ ఉప్పంతా పోయేదాకా పుక్కిలించు. సల్లనీళ్లు. మెల్లగా… మండుతా ఉండాదా?”

“లేదు.”

“నీ మొదటి పాలపన్ను నేనే నూలుపోగు కట్టి పెరికినా. అమ్మ పోయిన ఏడు. అప్పుడూ ఇంతే. నొప్పి లేదక్కా, నొప్పి లేదక్కా అంటానే కండ్లల్లో నీళ్లు కార్చినావు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“నీకు అబద్ధం చెప్పేది రాదని చెప్తా ఉండా.”

“…అక్కా, నా పొట్లం యాడ?”

“ఏ పొట్లం?”

“పొగాకు. వచ్చిన దినం జేబులోంచి తీసుకున్నావు కదా. ఒక్క చిటికెడు ఇయ్యి. ఒక్కటే.”

“కాలవలో పారేసినా.”

“అంతా?”

“అంతా. మూడు నెలలుగా ముట్టలేదని పెద్ద డాక్టరుకు చెప్పిన నోరురా అది. ఇంగ అడగబాకు.”

“ఎట్లక్కా? మగ్గం కాడ బీడీ ముట్టిస్తే నూలు అంటుకుంటాది. అది నమల్తానే ఇరవై అయిదేండ్లు నడిపినా. నీకు తెలీందా?”

“తెలుసు. నేనూ ఆ మగ్గాల షెడ్డులోనే నూలు కండెలు చుట్టినా. నువ్వు మాట మార్చబాకు. ఎందుకు సేసినావు ఈ పని?”

“చెప్పినా కదా. తెల్లగా—”

“ఇంగోసారి తెల్లగా అన్నావంటే చెంప పగుల్తాది. చెప్పు.”

“ఏమి చెప్పల్ల? కింద ఆయమ్మ హారతి పట్టుకోని… పా అక్కా, పోదాం. డాక్టరు ఏమంటాడో ఆడే సూద్దాం. సంతకం పెడితే పెడతాడు. పెట్టకుంటే…”

“పెట్టకుంటే?”

“పెట్టకుంటే మళ్లీ పోదాం.”

“పెట్టకుంటే అనేటప్పుడు నీ గొంతులోకి పానం వచ్చింది సూడు.”

“అక్కా!”

“గమ్మునుండు. కొళాయి తిప్పుతా. ఉత్త బకెట్లో పడనీ… ఇంగా తిప్పుతా. సాలా సద్దు? ఇప్పుడు మీ బావ వచ్చి వాకిలికి చెవి పెట్టినా ఏమీ ఇనపడదు. గొంతు వద్దు. మగ్గాల కాడ మాట్లాడినట్టు మాట్లాడు. పెదాలు ఆడించు, సాలు.”

“ఏందిక్కా ఇది, సిన్నపిల్లోళ్ల మాదిరి…”

“ముప్పై మగ్గాలు ఒక్కసారిగా ఆడతా ఉంటే, పన్నెండేండ్లు నీ నోరు సూసే మాట్లాడినా నేను. ఆకలి అన్నా, జరమన్నా, ప్రశాంతిని పెండ్లి సేసుకుంటా నాయనకు చెప్పక్కా అన్నా, అన్నీ పెదాలతోనే కదా చెప్పినావు? గొంతుతో చెప్పల్యానివన్నీ ఆ సద్దులోనే చెప్పినావు. ఇదీ అట్లే చెప్పు.”

“…”

“కనపడలేదు. మొగం ఎత్తు.”

“…”

“ఇంగోసారి.”

“…”

“భయం. అంతే కదా? భయమైతా ఉండాది, నన్ను వదిలిపెట్టమని చెప్పు, అన్నావు. ఇంత మాటకు నోరంతా చీల్చుకున్నావే నాయనా.”

“నీకెట్ల చెప్పేదిక్కా? సూది సూస్తేనే కండ్లు తిరిగి పడేటోణ్ణి నేను. పడుకుంటే ఎవురో కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టే ఉంటాది. ప్రశాంతి ఒప్పుకుంటా అని సంతకం అయితే పెట్టింది, పెట్టి మూడు దినాలు కూడు ముట్టలేదు. కొడుకు రూపేష్ గాడు పదోక్లాసు పిల్లోడు, నా పక్కలో వచ్చి పడుకుంటాడు. నువ్వు పెంచకపోతే నేనే లేను. అది తెలుసు. తెలిసీ ఒళ్లు ఒప్పుకోల్యా. నేనేం మనిషినిక్కా?”

“భయమని నాకు ముందే తెలుసు.”

“ఏమి తెలుసు?”

“పన్నెండు దినాలుగా తెలుసు.”

“ఎవురు చెప్పినారు? ప్రశాంతి ఫోన్ సేసిందా?”

“నువ్వే చెప్పినావు. పోయినసారి పరీక్షలకు వచ్చినప్పుడు, ఆసుపత్రిలో, ఆ అద్దాల రూములో.”

“ఆడ నేనూ, ఇష్టముందా అని అడిగే ఆ మేడమే కదా ఉండింది. వాకిలి మూసేసినారు. మాట బయటకు పోదు, ధైర్యంగా చెప్పమనింది.”

“మాట రాలేదు. అద్దంలో నోరు కనపడింది. నేను ఎదురుగా కుర్చీలో కూసోనుండా. ఎవురైనా బలవంతం సేసినారా అని ఆమె అడిగింది. లేదు మేడం, నా ఇష్టంతోనే అన్నావు. ఆమె తల వంచుకోని రాసుకుంటా ఉండింది. అప్పుడు నువ్వు గోడకేసి సూసి, గొంతు లేకుండా పెదాలు ఆడించినావు.”

“…ఏమన్నా?”

“సామీ, ఇది కుదరకుండా సెయ్యి, అన్నావు. రెండుసార్లు.”

“అక్కా…”

“నేను తల పక్కకు తిప్పుకున్నా. సూడనట్టే. నువ్వు బయటకు వస్తే, టీ తాగుతావా అని అడిగినా. గుర్తుందా?”

“తాగినా. నువ్వే నా చేతికిచ్చినావు.”

“ఆ. నేనే ఇచ్చినా.”

“తెలిసీ గమ్మునుండినావా?”

“ఉండినా. నువ్వు స్ట్రిప్పు అంటించుకోని కూసుంటే, పక్కన నిలబడి గడియారం సూసినా. దినదినమూ నీ పండ్లు తెల్లబడతా ఉంటే లోపల సంతోషపడినా. నాకూ బతకాలనే ఉండాది కదరా! సొంబు నిండా నీళ్లు తాగి మూడేండ్లయింది. వారానికి మూడు దినాలు ఆ కుర్చీలో, చేతికి రెండు సూదులు. నీ భయం నేను సూడలేదనుకుంటే నా బతుకు నాకు వస్తాది. అందుకే సూడలేదనుకున్నా. సిగ్గు వదిలేసే అనుకున్నా.”

“నువ్వు ఏడవబాకు. ఇస్తా. ఇస్తాక్కా, పా. భయపడతానే ఇస్తా. డాక్టరు కాళ్లు పట్టుకోనైనా సంతకం పెట్టిస్తా.”

“గొంతుతో అంటా ఉండావు.”

“మల్ల ఎట్ల అనల్ల?”

“కొళాయి ఇంగా పోతానే ఉండాది. పెదాలతో అను. ఇస్తానని.”

“…”

“అను.”

“…”

“సూసినావా. ఆడలేదు.”

“…బావకు చెప్పేస్తా. నేనే కిందికి పోయి చెప్పేస్తా. భయమని.”

“చెప్పినావంటే నా మీద ఒట్టు! గిరిప్రసాద్‌ను ఏం సేసినారో ఇన్నావు కదా. నాకేమన్నా అయితే, నిన్ను ఈ వాకిట్లోకి కూడా రానీరు. దూరంగా నిలబడి సూసిపోతావు. అట్ల కానీను నేను.”

“నీకేమి అవుతాది మల్ల?”

“ఆసుపత్రిలో నా పేరు రాయించినాం కదా. సచ్చిపోయినోళ్లది ఎవురిదన్నా వస్తే వస్తాది. రాకుంటే ఆ కుర్చీ యాడికీ పోదు. అలవాటే.”

“అలవాటే అంటా ఉండావు, కండ్లేంది అట్లుండాయి?”

“నా కండ్లు సూడబాకు నువ్వు.”

“వసంతా! ఇంగా కాలేదా? దేవకమ్మ హారతి ఆరిపోయింది, మళ్లీ ముట్టిస్తా ఉండాది!”

“వచ్చేస్తా ఉండాం! తుడుచుకుంటా ఉండాడు!”

“బిన్నా!”

“…కొళాయి కట్టేయి. మొగం తుడుచుకో. ఇట్ల తిరుగు. ఈ చిగుర్లు పది దినాల్లో మానిపోతాయి. మళ్లీ రమ్మంటారు. ఎన్నిసార్లు ఉప్పేసి తోముతావు? ఇది పనికిరాదు.”

“ఇంగేం సేసేది?”

“పొగాకు గురించి పెద్ద డాక్టరు ఏమన్నాడు?”

“నమిలేటోళ్ల కాడ కిడ్నీ తీసుకునేది లేదన్నాడు. మానేసినామని అబద్ధం చెప్పి దొరికితే, ఇచ్చేటోళ్ల పేరే కొట్టేస్తామన్నాడు.”

“ఆ. కొట్టేస్తామన్నాడు.”

“ఎందుకు అడుగుతా ఉండావు?”

“మీ బావ నాలుగు దినాలు తిడతాడు. మహిత నాలుగు నెలలు నీతో మాట్లాడదు, ఇంత సేసి పెడితే మామ నోరు కట్టుకోలేదు అని ఏడుస్తాది. వీధిలో అందరూ అంటారు, పొగాకు మానల్యాక అక్కను వదులుకున్నాడు అని. అననీ. అక్కకు ఇయ్యననినాడు అని మాత్రం ఒక్కరూ అనరు.”

“పారేసినా అన్నావు కదా?”

“నా కొంగు ముడి ఇప్పు. నువ్వే ఇప్పు.”

“ఇది… ఇది నా పొట్లం.”

“పారేద్దామని దినామూ కాలవ దాకా పోయినా. చెయ్యి రాలేదు.”

“వద్దుక్కా. వద్దు.”

“మండుతాది నాయనా, ఓర్చుకో. డాక్టరు సూసేదాకా ఉమ్మేయబాకు… ఊఁ, నోరు తెరువు.”